తండ్రా? గురువా?

మొన్న అసర్ నమాజు తరువాత నల్లజర్ల మసీదు వరండాలో ఒక సోదరుడు నా పక్కన వచ్చి కూర్చున్నారు. ఆయన సాయంత్రాలు పిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతారు. ఆ జట్టులో బంతి విసిరేది ఆయన కుమారుడే. అది మిగిలిన తల్లిదండ్రులకు నచ్చలేదు. ఒకప్పుడు ఆ ఆట ఆడిన క్రీడాకారుణ్ణి శిక్షకునిగా పిలుద్దామంటున్నారట.

“హజ్రత్, మూడేళ్లుగా పైసా తీసుకోకుండా నేర్పుతున్నాను. నా కొడుకైనందుకు వాణ్ణి పక్కన పెట్టాలా? మీరే న్యాయం చెప్పండి” అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఒకప్పుడు నేను తప్పిన పరీక్ష గుర్తుకు వచ్చింది.

నా పెద్ద కుమారుని చేత హిఫ్జ్ నేనే చేయించాలని పట్టుబట్టాను. ఇతరుల పిల్లలు ఆయతు మరచిపోతే ఓపికగా అందించేవాణ్ణి. నా బిడ్డ తడబడితే మాత్రం పదిమందిలో నా పరువు పోయినట్లుండేది. మదర్సాలో మొదలైన సబఖ్ ఇంట్లో అన్నం ముందు కూడా ముగిసేది కాదు. వాడికి ఉస్తాద్ దొరికాడు గాని, తండ్రి లేకుండా పోయాడు. పన్నెండవ పారా దగ్గర వాడు ఆగిపోయాడు. చివరికి వాడి తల్లి మాట విని వేరే ఊరి మదర్సాకు పంపాను. రెండేళ్లలో, అల్‌హమ్దులిల్లాహ్, హాఫిజ్ అయి తిరిగివచ్చాడు.

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. అస్లమ్ తెగవారు బాణాలు వేయడంలో పోటీపడుతుండగా దైవప్రవక్త (స) అటుగా వచ్చారు. వారిని ప్రోత్సహిస్తూ, తాను ఒక పక్షాన ఉంటానన్నారు. వెంటనే రెండవ పక్షం వారి చేతులు ఆగిపోయాయి. కారణం అడిగితే, తమరు వారి వైపు ఉండగా మేమెలా వేయగలమన్నారు. అప్పుడు ఆయన, తాను అందరి వైపూ ఉన్నానని చెప్పి మళ్లీ వేయమన్నారు. పెద్దవారు ఒక వైపు నిలబడితే అవతలివారి చేయి ఎలా సడలిపోతుందో గమనించండి.

అలాగని తండ్రి నేర్పరాదన్న నియమమేదీ లేదు. హైదరాబాదు సానియా మిర్జాకు తండ్రి ఇమ్రాన్ మిర్జాయే శిక్షణ ఇచ్చారు. నిజామాబాదు నిఖత్ జరీన్ చేత మొదట తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా సాధన చేయించారు. 2009లో ఆమె విశాఖపట్నంలో ఐ.వి. రావు గారి శిక్షణలో చేరింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. అయినా బిడ్డకు బ్యాడ్మింటన్ ఓనమాలు నేర్పినది సికింద్రాబాదులో మహబూబ్ అలీ గారు. ఆ తరువాత గోపీచంద్ గారు.

బాగా ఆడినవారందరూ బాగా నేర్పగలరనీ చెప్పలేము. తమకు సులువుగా వచ్చినది పిల్లవానికి ఎందుకు రావడం లేదో కొందరికి అంతుపట్టదు. గొప్ప ఖారీలందరూ పసివారికి అలిఫ్, బే నేర్పలేరు కదా!

అందుకే ఆ సోదరునితో ఇలా అన్నాను: “పిల్లలను ఓపికతో చూడగలిగిన ఆటగాడు దొరికితే పిలవండి. మీరు ఆయనకు తోడుగా ఉండండి. ఎవరు ఏ స్థానంలో ఆడాలో ఆయననే నిర్ణయించనివ్వండి. ఇతరుల బిడ్డలు మీ వద్ద అమానత్.”

“మరి నా కొడుకుకు నేను చేసేదేముంది?” అని అడిగారు.

“ఓడిన రోజున ఇంటికి తీసుకువెళుతూ ఆట గురించి ఒక్క మాటా మాట్లాడకండి” అన్నాను.

నా కుమారుడు తొలిసారి తరావీహ్ చేయించిన రమజానులో నేను వెనుక వరుసలో నిలబడ్డాను. వాడు ఒకచోట తడబడ్డాడు. మరొక హాఫిజ్ మెల్లగా అందించారు. నేను నోరు విప్పలేదు. ఆ రాత్రే నేను వాడికి మళ్లీ తండ్రినయ్యాను.