డ్యూటీ లేని నాడే క్రిస్మస్

గల్ఫ్ నుంచి సెలవు మీద మా ఊరు మోస్రాకు వచ్చిన క్రైస్తవుణ్ని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సాయిబుల దేశంల క్రిస్మస్ ఎట్ల చేసుకుంటరు? చేసుకోనిస్తరా?" ఏసు పేరెత్తితే చాలు, పోలీసులు పట్టుకుపోతారేమోనన్న అనుమానం వాళ్లది. నిజానికి అక్కడ మన పండుగకు మతం అడ్డురావడం తక్కువ. డ్యూటీయే అడ్డొస్తుంది.

సౌదీ సంగతి వేరు. అక్కడ చర్చిలు లేవు. పాట పాడుకోవాలన్నా గది తలుపేసుకుని, గొంతు తగ్గించి పాడాల్సిందే. తక్కిన చోట్ల అలా కాదు. బహ్రెయిన్‌లో ఎన్నో ఏళ్ల నుంచీ చర్చి ఉంది. దుబాయిలో 1966లో షేక్ రషీద్ స్థలమిస్తే, మరుసటి ఏడు సెయింట్ మేరీస్ చర్చి లేచింది. క్రిస్మస్ రాత్రి ఆ ఆవరణలో కాలు పెట్టే సందు దొరకదు. షాపింగ్ మాళ్లలోనైతే మన మెదక్‌లో కూడా కనబడనంత పెద్ద క్రిస్మస్ చెట్లు పెడతారు.

అయితే డిసెంబరు 25 అక్కడ సెలవు దినం కాదు. పని ఉన్న రోజున పడిందా, తెల్లారకముందే బస్సెక్కి సైటుకు పోవాల్సిందే. అందుకే మా పండుగ జరిగి జరిగి దగ్గర్లోని జుమ్మా నాటికి చేరుతుంది. కువైట్‌లో వారం వారం ఆరాధన కూడా శుక్రవారమే ఎక్కువ. దుబాయి వాళ్లకు మాత్రం 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు సెలవయ్యాయి కనుక ఆదివారం మళ్లీ చేతికొచ్చింది.

ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు ఆ శుక్రవారమూ దక్కదు. కువైట్‌లో కడప, గోదావరి జిల్లాల అక్కలు ఎంతోమంది ఉన్నారు. శుక్రవారం అంటే అరబ్బుల ఇంటికి కొడుకులు, కోడళ్లు, మనవళ్లు అందరూ భోజనానికి వచ్చే రోజు. యజమానురాలి పండుగ ఎంత పెద్దదైతే పనిమనిషికి అంట్లు అన్ని ఎక్కువ. కఫీల్ (యజమాని) మంచివాడైతే సాయంత్రం ఒక గంట వదులుతాడు. ఆ గంటలోనే చర్చీ, చుట్టాలూ, ఊరి ముచ్చట్లూ అన్నీ.

మగవాళ్ల గదుల్లో కథ కొంచెం నయం. మా గదిలో నక్షత్రానికి బల్బు కట్టేది ఆర్మూరు ఎలక్ట్రీషియన్; అతనికి చర్చి దారే తెలియదు. బగారా అన్నం, మటన్ కూర వండేది బోధన్ భాయి. "ఉప్పు సరిపోయిందా?" అనే గాని ఎవరి పండుగని అతను ఎప్పుడూ అడగలేదు. కువైట్‌లో రాత్రి తొమ్మిదిన్నర అయితే మోస్రాలో పన్నెండు. ఆ వేళకు ఫోన్లలో ఊరి చర్చి మైకు మోగుతుంది. పక్క మంచం మీద తెల్లారి డ్యూటీ ఉన్నవాడు దుప్పటి మీదికి లాక్కుంటాడు.

మన దిక్కు క్రిస్మస్ కూడా ముస్లిం ఏలికల కాలంలోనే వేళ్లూనుకుంది కదా. మెదక్ చర్చిని పాస్నెట్ దొర కట్టించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించినప్పుడు రాజ్యం నిజాంది. కరువులో ఆకలిగొన్నవాళ్లు అన్నం కోసం ఆ గోడలకు రాళ్లు మోశారు. మనకు దగ్గరలోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి పెట్టిన ఇసబెల్ కెర్ డాక్టరమ్మదీ పరాయి దేశమే. వాళ్లూ ఇంటికి దూరంగా, మరో మతం రాజు నీడలోనే పండుగ చేసుకున్నారు. కాకపోతే వాళ్లు పని పెట్టడానికి వచ్చారు, మేము పని అడుక్కోవడానికి పోయాం. వాళ్లు కట్టినవి నిలిచాయి, మాకు అకామా (నివాస అనుమతి) ముగిస్తే గది కూడా నిలవదు.

మేము పని కోసం గల్ఫ్‌కు పోయినట్టే, ఇప్పుడు మన జిల్లా రైసుమిల్లుల్లో బస్తాలు మోయడానికి బిహార్ హమాలీలు వస్తున్నారు. దీపావళి దాటిన ఆరో నాడు వాళ్లకు ఛఠ్ పండుగ. సరిగ్గా అప్పుడే వానాకాలం వడ్లు లారీల కొద్దీ మిల్లుకు దిగుతుంటాయి. ఛఠ్ చేసుకోవద్దని వాళ్లతో మనం ఎన్నడూ అనలేదు. సెలవు ఇచ్చామా అంటే మాత్రం జవాబు తడుముకోవాలి. ఆ రోజు మిల్లు ఆగితే సేటుకెంత నష్టమో లెక్క కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆగకపోతే హమాలీకి ఎంత నష్టమో చెప్పగలవాళ్లు మాత్రం గల్ఫ్‌కు పోయొచ్చిన ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్లను అడగాలి.