కుందేటి కొమ్ముల కోసం గుట్టెక్కితే...

కిందటేడు బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు తెచ్చుకోవడానికి హన్మకొండ అవతల ఓ రాతిగుట్టకు వెళ్లాం. ఓరుగల్లంటేనే ఒంటి రాయి కదా, ఊరు దాటితే ఎటు చూసినా గుండ్లే! ఆ సందుల్లో, పొదల నీడన, ఆకన్నది లేకుండా నాలుగు పలకల కాడలు జానెడెత్తున నిలబడి ఉన్నాయి.

"కుందేటి కొమ్ములు! పసుల కాడికి పోతే ఇవే నమిలేటోళ్లం" అంది మా అత్తమ్మ.

నేనూ హుషారుగా పక్కనున్న కాడ తుంచబోయాను. అత్తమ్మ చెయ్యి పట్టి లాగింది. అది జెముడు! పుల్లతో గీకి చూపిస్తే తెల్లటి పాలు కారాయి. కంట్లో పడితే ఇంకేమన్నా ఉందా? కుందేటి కొమ్ముకు ముళ్లుండవు, తుంచితే నీరే వస్తుంది. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

రూపం చూసి మోసపోకండి. ఇదే మొక్క నీడలో సన్నగా సాగుతుంది, ఎండలో పొట్టిగా ఎర్రబారుతుంది. పువ్వే అసలు గుర్తు. కాడ పైభాగాన అక్కడొకటి ఇక్కడొకటి పూస్తే ఇది. కొసన గుత్తిగా ముదురు రంగు పూలు పూసి కుళ్లు వాసన కొడితే ఇంకో రకం. కుండీల్లో నక్షత్రంలాంటి పెద్ద పూలు పూసే ఆఫ్రికా స్టపీలియా వీటి దాయాదే. ఈగల కోసమే ఆ కంపు!

1795లో అచ్చయిన పుస్తకంలో రాక్స్‌బర్గ్ దొర దీని తెలుగు పేరు 'కారల్లం' అని రాశాడు. శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాడే 'కారల్లూమా' అన్న పేరు దాన్నుంచి వచ్చిందే.

తెచ్చిన కాడను తులసికి పోసినట్టు రోజూ నీళ్లు పోసి కుళ్లబెట్టాను. రెండోసారి తెగిన చోటు వారం ఆరనిచ్చి, ఇసుక, గులకరాళ్లు ఎక్కువ కలిపిన మట్టిలో నాటాను. మట్టి పూర్తిగా ఎండితేనే నీళ్లు, చలికాలం దాదాపు లేనట్టే. మొదలంటా పీక్కురాకండి, ఒక్క కాడ చాలు.

అత్తమ్మకు షుగరు. ఇది తింటే మాత్రలక్కర్లేదని ఆమె పట్టు. మన కాకతీయ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని ఎలుకల మీద పరీక్షిస్తే చక్కెర తగ్గిందని 2003లో రాసిన మాట నిజమే. కానీ అత్తమ్మ ఎలుక కాదు కదా! డాక్టరుగారిని అడిగేదాకా కుండీ ముట్టొద్దన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాత్రలు మానకూడదని ఆయన గట్టిగా చెప్పాక, కుండీని తనే పిట్టగోడ మీదికి మార్చి, "పువ్వన్నా చూస్తలే" అంది.

మొన్న వానలకు రెండు పూశాయి.