మన తొరపల్లిలో పుట్టిన గవర్నర్ జనరల్

ఒకరోజు మా సాంఘిక శాస్త్రం సార్ పశ్చిమ ఆఫ్రికాలోని ఘానా దేశం గురించి చెప్పారు. ఆ దేశానికి 1957 మార్చి 6న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ పోరాటాన్ని నడిపిన క్వామే ఎన్‌క్రుమా చిన్న పల్లెలో పుట్టి, బడిపంతులుగా పనిచేసి, 1960లో దేశాధ్యక్షుడయ్యారు. 1964లో తన పార్టీ తప్ప వేరే పార్టీ ఉండకూడదన్నారు. 1966లో ఆయన విదేశంలో ఉన్నప్పుడు సైన్యం ఆయనను పదవి నుంచి దించేసింది.

పాఠం అయ్యాక సార్, "మన పక్కన కూడా ఒక పెద్ద నాయకుడు పుట్టారు, ఎవరో చెప్పండి" అన్నారు. తరగతిలో ఎవరమూ చెప్పలేదు. "తొరపల్లి రాజాజీ" అన్నారు సార్. నాకు సిగ్గేసింది. సూళగిరి నుంచి హోసూరుకు పోయే ప్రతిసారీ ఆ ఊరి దగ్గరగానే పోతుంటాం కదా!

ఆదివారం మా నాయన నన్ను బండిలో తొరపల్లికి తీసుకుపోయాడు. రాజాజీ పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారక నిలయం. చిన్న ఇల్లే. 1878 డిసెంబరు 10న అక్కడ పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి హోసూరు బడిలో చదివారు. సేలంలో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1930లో వేదారణ్యంలో ఉప్పు సత్యాగ్రహం నడిపారు. 1948 జూన్ 21న మౌంట్‌బాటన్ తరువాత భారత గవర్నర్ జనరల్ అయ్యారు. ఆ పదవిలో కూర్చున్న భారతీయుడు ఆయన ఒక్కరే. 1950 జనవరి 26న మన దేశం గణతంత్రం అయ్యేదాకా ఆయనే ఆ పదవిలో ఉన్నారు. ఈ చిన్న ఇంట్లో పుట్టిన బిడ్డ ఢిల్లీలో 340 గదుల భవనానికి పోయాడంటే నాకు ఆశ్చర్యం వేసింది.

ఇంటికొచ్చి ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. తాత విని, "ఆయప్ప పెద్దోడే. అయితే పెద్దోళ్ల గురించి రాసేటప్పుడు సగం రాయకూడదు, అంతా రాయాల" అన్నాడు. మిగతా సగం ఏమిటని మరుసటి రోజు సార్‌ను అడిగాను.

రాజాజీ 1952లో మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాది డిసెంబరు 15న, 58 రోజుల నిరాహారదీక్ష తరువాత, పొట్టి శ్రీరాములు గారు చనిపోయారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు నగరాన్ని ఆంధ్రకు ఇవ్వడానికి రాజాజీ ఒప్పుకోలేదు. మన హోసూరు ప్రాంతం కూడా ఈ పక్కనే ఉండిపోయింది. అందుకే నేను తమిళనాడులో ఉండి తెలుగులో చదువుతున్నాను.

1953లోనే ఆయన పల్లెల్లోని ప్రాథమిక బడుల్లో పిల్లలకు రోజుకు మూడు గంటలే పాఠాలు పెట్టారు. మిగతా పొద్దు తల్లిదండ్రుల పని నేర్చుకోవాలన్నారు. బడులు తక్కువగా ఉన్నాయి, ఎక్కువ మంది పిల్లలకు చోటు దొరుకుతుంది అన్నది ఆయన ఉద్దేశం. కానీ ఇది కులవృత్తి చదువని జనం ఎదురు తిరిగారు. 1954లో ఆయన పదవి వదిలారు. తరువాత వచ్చిన కామరాజర్ ఆ పద్ధతిని ఎత్తేశారు.

నేను ఆలోచించాను. ఆ పద్ధతే ఇప్పటిదాకా ఉండుంటే, నేను ఒక పూట బడికి వచ్చి, ఇంకో పూట టమాటా తోటలో ఉండేవాణ్ణి. తోట పని చెడ్డది కాదు, సెలవుల్లో నేనూ చేస్తాను. కానీ నాయన పని నేను చేయాలా వద్దా అనేది నేనే తేల్చుకోవాలి కదా!

రాజాజీ తన మాట మార్చుకున్న సందర్భమూ ఉంది. 1938లో బడుల్లో హిందీని తప్పనిసరి చేసింది ఆయనే. తరువాతి కాలంలో హిందీ ఒక్కటే దేశానికి అధికార భాష కాకూడదని గట్టిగా వాదించిందీ ఆయనే.

ఎన్‌క్రుమా, రాజాజీ ఇద్దరూ 1972లోనే చనిపోయారు. ఎన్‌క్రుమా రుమేనియాలో, పరాయి దేశంలో కన్నుమూశారు. ఘానా జనం ఇప్పుడు ఆయనకు అక్రాలో సమాధి మందిరం కట్టి గౌరవిస్తున్నారు. ఇద్దరూ గొప్పవాళ్లే, ఇద్దరూ తప్పులు చేశారు. అయితే ఘానాలో "ఇది తప్పు" అని చెప్పడానికి వేరే పార్టీ లేకుండా పోయింది. ఇక్కడ శాసనసభలో, వీధిలో చెప్పగలిగారు. అందుకే సైన్యం రాకుండానే ఆ పద్ధతి పోయింది.

రాజాజీ మన పక్క ఊరివారని నాకు గర్వంగా ఉంది. ఆయనను కాదని చెప్పిన వాళ్ల వల్ల నేను రోజంతా బడిలో ఉంటున్నానని కూడా గుర్తుంది. ఇది మళ్లీ చదివి వినిపిస్తే తాత, "ఇప్పుడు అంతా రాసినావు" అన్నాడు.