రెక్క కట్టు విప్పకముందు

కడపనుండి మైదుకూరునకు బోవు రాజమార్గముమీద, కె.సి. కాలువ నీటితో వరియు పసుపును పండించుకొను పల్లెల నడుమ, తూర్పున లంకమల కొండలవరుసకు ఎదురుగా నున్న ఖాజీపేటలో, ఒక ప్రముఖుని పర్యటనకై చదునుచేసి సున్నముతో వలయము గీచిన తాత్కాలికపు హెలిప్యాడ్‌మీద, పుష్యమాసపు ఒకానొక ఉదయమున, చిన్న హెలికాప్టరును ఎగురుటకు ముందు పరీక్షించు విధానమును ఆద్యంతము చూచు అవకాశము నాకు లభించినది. దుమ్ము లేవకుండ ముందునాటి సాయంత్రము చల్లిన నీటి తడి ఇంకను ఆరలేదు. అగ్నిమాపకశకటము ఒకప్రక్క, నిద్రలేమితో కన్నులెర్రబడిన కానిస్టేబుళ్లు మరియొకప్రక్క నుండగా, నడుమ ఆ యంత్రము ముసుగులు కప్పుకొని, రెక్కకు కట్టు కట్టించుకొని నిలిచియుండెను.

అది బెల్ 206. 1960వ దశకమున అమెరికాలో రూపొందిన ఈ జాతి హెలికాప్టరునకు ఒకే ఇంజను, పైన రెండే రెక్కలు, చక్రములకు మారుగా రెండు లోహపు కమ్ములు; చోదకునితో కూడ ఐదుగురికి చోటు. కొననుండి కొనకు పది మీటర్లకు కొంచెము మించిన ఆ రెక్కలు నిమిషమునకు 394 పర్యాయములు తిరుగును. అనగా రెక్కకొన గంటకు సుమారు 750 కిలోమీటర్ల వేగముతో గాలిని కోయును. ఇంజనులోపలి టర్బైను వేగము నిమిషమునకు ఏబదివేల చుట్లు. ఇంతటి వేగమునకు లోబడు వస్తువులో ఒక గింజంత దుమ్ముగాని, ఒక చుక్క నీరుగాని ఎట్టి అనర్థమునకు మూలమగునో తెలిసినవారికే ఆ ఉదయపు నెమ్మది అర్థమగును.

లైసెన్సుగల ఇంజనీరు తన పరీక్ష ముగించి కాగితముమీద సంతకము చేసినను, పైలట్ మరల తానుగా చుట్టివచ్చుట నియమము. ఒకరు చూచినదానిని ఇంకొకరు చూచుట అవిశ్వాసము కాదు. ఒకే కన్ను ప్రతిదినము చూచినదానిని చూడనట్లు దాటిపోవుట మనుష్యస్వభావము గనుక ఏర్పరచుకొన్న కట్టుబాటు. ఈ కట్టుబాటు మన ఆసుపత్రులలోను, ఆనకట్టలమీదను ఇంత నిష్ఠగా సాగిన ఎంత బాగుండునని నాకు తోచినది.

మొదట ఇంధనము. ఇంజనీరు వంగి, యంత్రగర్భము అడుగునుండి గాజుసీసాలోనికి కొంత ఇంధనమును వదలి, దానిని తూర్పు వెలుతురునకు ఎత్తి పట్టుకొని చూచెను. విమానములలో వాడునది కిరసనాయిలు జాతికి చెందిన నూనెయే. రాత్రి చలికి, సగము నిండిన తొట్టిలోని గాలియందలి తేమ నీరై అడుగునకు దిగును. నీళ్లు కలిసిన కిరసనాయిలు పోసిన లాంతరు చిటపటలాడి ఆరిపోవుట ఎరుగని పల్లెవాడు లేడు. ఆకాశమున ఇంజను ఆరిపోయినచో మరల అగ్గిపుల్ల గీచుటకు వ్యవధి యెక్కడిది? సీసాలోని ద్రవము నిర్మలముగా నున్నదని నిశ్చయించుకొన్న పిమ్మటనే ఆయన లేచెను.

నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది తోకవద్ద జరిగిన పని. తోకరెక్క లేనిచో పై రెక్క తిరుగు దిశకు ఎదురుదిశగా యంత్రమంతయు గిరగిర తిరిగిపోవును. దానిని అడ్డగించు ఆ చిన్నరెక్కకు శక్తినందించు గేర్‌బాక్సులో నూనె ఎంతయున్నదో తెలుపుటకు ఒక గాజుకన్ను అమర్చియున్నది. ఆ గాజుమీద నూనెగీత స్పష్టముగా కనబడుచునేయున్నను, ఇంజనీరు తోకను చేతితో మెల్లగా ఊపి, గీత కదలువరకు దానినే చూచుచు నిలిచెను. నూనె తగ్గిపోయినను పాతమరక గాజునకు అంటుకొని నిండుగానున్నట్లు భ్రమింపజేయునట! కదలినదే నూనె; కదలనిది మరక. తరువాత బోల్టుల తలలమీదనుండి ప్రక్కలోహముమీదికి గీచిన సన్నని రంగుగీతలను వేలితో తాకి చూచెను. బోల్టు వెంట్రుకవాసి సడలినను ఆ గీత తెగిపోవును. గీత అతుకుతప్పని బోల్టే బిగువుగలది. పైకెక్కి, రెక్కల అంచులవెంట అరచేతిని నిదానముగా జరుపుచు పగుళ్లను వెదకెను. పిమ్మట గాలిని పీల్చు ద్వారముల ముసుగులు తొలగించి, లోపలికి టార్చి వేసి చాలసేపు చూచెను.

త్రాడు ఆవలనుండి గమనించుచున్న ఒక వృద్ధరైతు ఉండబట్టలేక అడిగెను: “ఏం నాయనా, నిన్న సాయంత్రం బాగనే దిగె గదా, రాత్రికి రాత్రే ఏమైపోతాదని ఇంతసేపు తడుముతాండావు?”

ఇంజనీరు వెనుదిరిగి, “పిట్ట మనల్ని అడిగి గూడు కట్టదు గదా పెద్దాయనా!” అనెను. వృద్ధుడు తల యూచి, “అదీ నిజమేలే, కానీ నాయనా, బాగా చూసుకో” అనెను.

ఈ కడపసీమలో ఆ మాటకు గల బరువు వేరు. పులివెందులనుండి ముఖ్యమంత్రియైన వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయమున బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో కూలిన సంగతి మరునాటికిగాని తెలియలేదు. అది రెండింజనుల యంత్రము. మేఘములనడుమ ఉద్ధృతముగా క్రిందికి దిగు గాలిలో చిక్కి అది అదుపుతప్పెననియు, అంతకుముందు కొన్ని నిమిషములపాటు వైమానికులు గేర్‌బాక్సు నూనె ఒత్తిడికి సంబంధించిన హెచ్చరికను అర్థముచేసికొను యత్నమున మునిగియుండిరనియు విచారణసంఘము తేల్చినది. అంతకు ఏడేండ్ల ముందు, 2002 మార్చి 3వ తేదీన, లోక్‌సభాపతి జి.ఎం.సి. బాలయోగిగారు కైకలూరువద్ద ఇట్టి బెల్ 206 లోనే అసువులు బాసిరి. కావున నేలమీది పరీక్ష బోల్టులతోను నూనెతోను ముగియరాదు, ఆకాశమునుగూడ పరీక్షింపవలయును. ఇది అన్నిటికంటె కష్టమైన భాగము, ఏలయన ఇందు అడ్డుపడునది ఇనుము కాదు, మనుష్యుల తొందర.

ఆనాడు పైలట్ తన ప్రదక్షిణము ముగించి, కడప విమానాశ్రయమునుండి ఫోనుమీద వాతావరణ వివరములు తెలిసికొని, లంకమలవైపు చూచెను. కొండల నడుమునుండి పైభాగము మంచులో మునిగియుండెను. పోవలసినది తిరుపతివైపు, దారిలో శేషాచలపు వరుసలు. నాయకుడు సిద్ధముగా నున్నాడనియు, అక్కడ సభ ఆలస్యమగుననియు నిర్వాహకు లొకరి తరువాత నొకరు వచ్చి చెప్పిరి. పైలట్ ఎవరిమీదను విసుగుకొనలేదు. “కొండ కనబడనీయండి సార్, బయలుదేరుదాము” అని మాత్రమే పలుమారులు చెప్పెను. ఆ మృదువైన నిరాకరణమును నేను ఆ ఉదయము చూచిన పనులన్నిటిలోను ఘనమైనదిగా ఎంచుచున్నాను.

ఎండ ముదిరి కొండకొనలు తేటపడుసరికి గంటన్నర దాటినది. ఈలోగా జనము త్రాడు దాటి దగ్గరకు వచ్చియుండిరి గనుక, పైలట్ వారిని దూరముగా పంపించి, తలుపుల గడియలను, ఇంధనపు మూతను, తోకరెక్కను మరల మొదటినుండి చూచుకొనివచ్చెను. ఇంజనీరు రెక్క కట్టును తన చేతులతో విప్పి, చుట్టచుట్టి, పైలట్‌నకు చూపి సంచిలో పెట్టెను. అప్పుడుగాని నాయకుని కారును లోనికి రానీయలేదు.