జీవితకాలం... ఎవరిది?

అమెరికాలోని అరిజోనాలో టెసోరో అనే కంపెనీ ఉండేది. నేలలో దాగిన నాణేలూ నగలూ పసిగట్టే మెటల్ డిటెక్టర్లు తయారుచేసేది. కొన్నవారికి జీవితకాల గ్యారంటీ! తీరా 2018లో కంపెనీయే మూతపడింది. డిటెక్టర్లు మిగిలాయి.

మరి పాడైతే? తెలిసినవాళ్లు తామే స్క్రూడ్రైవర్ పట్టుకుంటున్నారు. సర్క్యూట్ బోర్డును రెండువైపులా ఫొటో తీస్తారు. వెనకనుంచి లైటు వేసి, రాగి గీతలు ఎటు పోతున్నాయో చూస్తారు. మల్టీమీటర్ ‘బీప్’మంటే ఆ రెండుచోట్లకీ లంకె ఉన్నట్టే. అలా ఒక్కో రెసిస్టరూ, ఒక్కో కెపాసిటరూ కాగితం మీదికెక్కుతాయి. ఒక్క గీత తప్పిందా... మళ్లీ మొదటికే!

ఓపికగా ఆ బొమ్మ పూర్తిచేస్తే ఎక్కడ తేడా వచ్చిందో దొరుకుతుంది. మార్చాల్సిన భాగాలు చాలావరకు బజార్లో ఉండేవే. గ్యారంటీ కంపెనీ ఆయుష్షుతోనే తీరిపోయింది. డిటెక్టరు మాత్రం మళ్లీ మోగుతోంది.