ఆకు వద్దు, కాడే ముద్దు

అమెరికాలో పిల్లలున్నవారికి రూబార్బ్ పేరు తెలిసే ఉంటుంది. ఎర్రటి కాడలు, చేటంత ఆకులు. మా అమ్మాయి ఇంట్లో దీనితో కేకు చేయడం చూశాను. కాడల్ని అంగుళం ముక్కలు తరిగి, పంచదార చల్లి, పైన డబ్బాలో దొరికే కేకు పొడి పొడిగానే పరిచి, కరిగిన వెన్న, కాసిని నీళ్ళు పోసి, 350 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిలో ముప్పావుగంట పైచిలుకు ఉంచడమే. కేకు పొడిలోనూ పంచదార ఉంటుంది కనుక, మధుమేహులు రుచి చూసి ఊరుకోవాలి. (ఈ వాక్యం నాకోసమే రాశానంటుంది మా ఆవిడ!)

అసలు భయం వేరు. గోంగూరలో మనం ఆకు తిని కాడ పారేస్తాం. ఇక్కడ తిరగబడింది. ఆ పులుపు చూసి, ఆకుల్ని పప్పులోకని దాచింది మా అమ్మాయి స్నేహితురాలు. నేనే పారవేయించాను. ఆకుల్లో ఆక్సాలిక్ ఆమ్లం మెండు. వాంతులు, కడుపునొప్పి, ముదిరితే మూత్రపిండాలకే చేటు. ఉడికిస్తే పోయేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధపు రోజుల్లో, 1917లో, బ్రిటన్‌లో ఈ ఆకులు వండుకు తిని చనిపోయినవారున్నారు. ఎవరైనా తిన్నారని తెలిస్తే, బలవంతాన వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

కాడల్లోనూ ఆక్సలేట్లుంటాయి. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవారు ఆ కేకు మానుకోవడమే మంచిది.