గడువు దాటితే లాభం సున్నా

డీఏఏలో గ్రీడీ మెథడ్ చదివినవాళ్ళకి జాబ్ సీక్వెన్సింగ్ విత్ డెడ్‌లైన్స్ గుర్తుండే ఉంటుంది. నాలుగు పనులు. లాభాలు 100, 10, 15, 27. గడువులు 2, 1, 2, 1. జవాబు 127 అని నిద్రలో లేపి అడిగినా చెప్తాం. ఆ లెక్కలో ఒక షరతు ఉంది: గడువులోపు పని అయితే లాభం మొత్తం, దాటితే సున్నా. మధ్యలో ఏమీ లేదు. లెక్క తేలిక కావాలని పెట్టుకున్న షరతు అది. మన ఇంటర్నల్స్ మాత్రం దాన్ని సీరియస్‌గా తీసేసుకున్నాయి.

జేఎన్‌టీయూ ఆర్22లో ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఆ 40లో మిడ్ 30, అసైన్‌మెంట్ 5, వైవా, ప్రెజెంటేషన్ లాంటివాటికి 5. మిడ్‌లైనా, అసైన్‌మెంట్లైనా రెండేసి పెట్టి సగటు తీస్తారు. ఐదు మార్కులే కదా అనిపిస్తుంది. కానీ 40కి 14 రాకపోతే సెమిస్టర్ ఎగ్జామ్ ఎంత బాగా రాసినా ఆ సబ్జెక్టులో అది చెల్లదు.

నా రూమ్మేట్‌కి జరిగింది అదే. మేముండేది కార్ఖానాలో. వాడు రాత్రి ఒంటిగంట దాకా జేబీఎస్, పికెట్, విక్రంపురి తిరుగుతూ ఫుడ్ డెలివరీ చేస్తాడు. ఇంటినుంచి డబ్బులు రావు. రూమ్ అద్దె అందులోంచే.

అసైన్‌మెంట్ మిడ్‌కి ముందే ఇవ్వాలని రూల్. ఆ ముందురోజు రాత్రి మా గల్లీలో జిరాక్స్ షాపు దగ్గర సందడి చూడాలి! ఎవరో ఒకరు చేసిన ఆన్సర్ల ఫోటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. తెల్లారేసరికి ఇరవై చేతిరాతల్లో ఒకటే మెర్జ్ సార్ట్, అందులో ఉన్న తప్పుతో సహా. (కార్ఖానా అని ఊరికే పేరు పెట్టలేదురా అంటాడు షాపు అన్న.) వాళ్ళందరికీ నాలుగో, ఐదో పడ్డాయి. మావాడు సొంతంగా చేసుకుని, మిడ్ అయిన మర్నాడు పట్టుకెళ్ళాడు. సున్నా. రెండో అసైన్‌మెంట్‌కి 4 వస్తే సగటు 2 అయింది. మిడ్‌ల సగటు 8, వైవాకి 3. మొత్తం 13.

సార్‌ని ఏమీ అనను. ఆ రూల్ ఆయన రాసింది కాదు. ఒకడికి సడలిస్తే మర్నాడు అరవైమంది క్యూ కడతారు. అందుకే దయ సార్ దగ్గర కాదు, రూల్‌లోనే ఉండాలి. ఎన్‌పీటెల్‌లో మాధవన్ ముకుంద్ గారు చెప్పే ఇదే కోర్సు 8 వారాలది. అలాంటి కోర్సుల్లో 8 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 6 లెక్కేస్తారు. అక్కడా గడువు గడువే. కానీ రెండు వారాలు పోయినా మునిగిపోం, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, ఇంటి కష్టాలు స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకోనక్కర్లేదు.

మనకి కూడా రెండు బదులు మూడు అసైన్‌మెంట్లు పెట్టి, బాగా వచ్చిన రెండే తీసుకోమని హెచ్‌ఓడీ గారికి ఒక లెటర్ రాశాం. ఇప్పటికి పదకొండు సంతకాలు. కాగితం మా రూమ్‌లోనే ఉంది, సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా రండి. మావాడు మాత్రం ఉండడు, డ్యూటీలో ఉంటాడు.